చివరి వరసలోని పాట

మొన్న దసరా సెలవులు అయ్యాక మా బడికి ఒక అమ్మాయి వచ్చింది. సంగీతం టీచరు శిక్షణ తీసుకుంటోంది. కొన్ని వారాలు నా క్లాసులో పాఠాలు చెప్పి చూపించాలి. మెడలో కాలేజీ కార్డు, భుజాన గుడ్డసంచి, కళ్ళలో పరీక్ష రాసే పిల్లకుండే భయం. పిల్లలందరి చేతా ఒకసారి పాడించుకుని, తల వంచి శ్రద్ధగా విని, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది: "మేడమ్, పాడలేని పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టమంటారు?" చాలా మర్యాదగా అడిగింది, పాపం. సభకు వచ్చిన పెద్దలకు కుర్చీలు ఎక్కడ వేయాలని అడిగినట్టే అడిగింది. "ముందు నువ్వు కూర్చో తల్లీ" అని కాఫీ తెప్పించాను. ఆమె ఊదుకుంటూ తాగుతుంటే నేను జవాబు కోసం చాలా వెనక్కి వెళ్ళిపోయాను. జవాబు తెలియక కాదు. నాకు ఆ జవాబు దొరకడానికి ఒక ఏడాది పట్టింది, దాన్ని ఒక కప్పు కాఫీలో ఎలా చెప్పాలో తోచలేదు.

నేను పుట్టింది హొసకోటెలో, మెట్టింది బెంగుళూరు నగర్తపేటలో. మా వారిది జరీ లేసుల హోల్‌సేల్ దుకాణం. మా వీధిలో ఎదురెదురుగా రెండు తోపుడుబండ్లు వస్తే వాటిలో ఒకటి ఏదో ఒక దుకాణంలోకి దూరి దారి ఇవ్వాల్సిందే. దుకాణం వెనక మెట్లెక్కితే మా ఇల్లు. ఇంటికి సరిగ్గా కింద ఇత్తడి రేకును అచ్చువేసి దీపాల కుందులు చేసే ఒక చిన్న కార్ఖానా. అందులో ప్రెస్సు పొద్దున మొదలుపెడితే పొద్దు గూకేదాకా దబ్, దబ్, దబ్ అని కొడుతూనే ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో గోడలు కూలిపోతాయేమోనని భయపడ్డాను. తరవాత తరవాత ఆదివారం అది ఆగిపోతే ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు. ఆ దెబ్బల మధ్యే నేను సంగీతం సాధన చేశాను. చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న విద్య. గుళ్ళలో, పెళ్ళిళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో పాడేదాన్ని. పెద్ద పేరేమీ లేదు గానీ, మా పేటలో ఎవరింట్లో శుభకార్యమైనా తాంబూలంతో పాటు నా పాటకూ పిలుపొచ్చేది.

అలా ఉండగా గొంతులో గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు, ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, ప్రాణం నిలిచింది, మాట తిరిగి వచ్చింది. పాట మాత్రం సగమే వచ్చింది. మధ్యమం దాటి పైకి వెళ్ళబోతే గొంతు చిరిగిన గుడ్డలా విడిపోయేది. పై షడ్జం మాట ఇక చెప్పనక్కర్లేదు. డాక్టరు ఎంతో ఊరటగా, "మాట్లాడుకోవడానికి ఏ లోటూ ఉండదమ్మా" అన్నాడు. ఆయన తప్పు లేదు. చాలామందికి గొంతు ఉండేది మాట్లాడుకోవడానికే కదా. ఆ తరవాత చాలా నెలలు నేను మేడమీద నేలమీద కూర్చుని గోడకు ఆనుకుని ఉండిపోయాను. కింద ప్రెస్సు కొట్టే ప్రతి దెబ్బా నేలలోంచి వెన్నులోకి ఎక్కేది. ఒకరోజు నాకు తెలియకుండానే నా చెయ్యి తొడమీద తాళం వేస్తోంది. దాన్ని మా అత్తగారు చూసింది. ఆమె అలాంటివి చూడకుండా వదిలే మనిషి కాదు.

సంగీతం టీచర్ల శిక్షణ గురించి ఎవరో చెప్పారు. వయసుకు అడ్డేమీ లేదన్నారు. ఇంట్లో మాట ఎత్తగానే మా వారు లేసుల కట్ట కింద పెట్టి, "నలభై దాటినాక కాలేజీనా? నువ్వు క్లాసులోకి పోతే పిల్లోళ్ళు టీచరమ్మ వచ్చిందనుకోని లేచి నిలబడతారు" అని నవ్వారు. వంటింట్లోంచి అత్తగారే అంది: "పోనీయప్పా. ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ గోడ చూసుకోని కూచోనుండాది. గోడకి చెప్పే సంగీతం నాలుగు బిడ్డలకి చెప్తే నీదేం పోతాది?" మా ఇంట్లో అత్తగారి మాట మీద అప్పీలు లేదు. మొదటి రోజు నేను క్లాసులో అడుగుపెట్టగానే పిల్లలు నిజంగానే లేచి నిలబడ్డారు. "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు. నేను వెళ్ళి వాళ్ళ మధ్య ఖాళీ బల్లమీద కూర్చుంటే పెద్ద నవ్వు. వారంలోగా మేడమ్ నుంచి ఆంటీకీ, ఆంటీ నుంచి అక్కకీ దిగాను. అదే నాకు వచ్చిన మొదటి ప్రమోషన్.

పాఠాలు చెప్పడానికి ఇద్దరిద్దరిని జోడీ కట్టి బళ్ళకు పంపేవారు. నా జోడీ రాజమండ్రి అమ్మాయి. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి వచ్చింది, కీబోర్డు వాయించేది. మాకు పడిన బడి పాత పేటలోదే. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, ఇంటికో భాష మాట్లాడే పిల్లలు. అక్కడ సంగీతం మేడమ్ మాకు మార్గదర్శి. ఆమె పొడుగ్గా, నిటారుగా, తంబూరాను నిలబెట్టినట్టు ఉండేది. గొప్ప విద్వత్తు. హార్మోనియం మెట్ల మీద ఆమె వేళ్ళు నడుస్తుంటే చూస్తూ ఉండిపోవాలనిపించేది. వార్షికోత్సవానికి ఆమె పిల్లలచేత బృందగానం సిద్ధం చేయిస్తోంది. బాగా పాడేవాళ్ళు ముందు వరస, ఫరవాలేదనిపించేవాళ్ళు రెండో వరస. మూడో వరసలోని పిల్లల దగ్గరికి వచ్చి ఆమె ఏ కోపమూ లేకుండా ఒకటే మాట చెప్పేది: "సుమ్నె బాయి ఆడ్సు." ఊరికే నోరు ఆడించు చాలు, అని. వాళ్ళు ఆడించేవాళ్ళు. దూరం నుంచి చూస్తే అందరూ పాడుతున్నట్టే ఉండేది.

ఆ చివరి వరసలో ఐదో తరగతి పాప ఒకతె ఉండేది. రెండు చెవులకూ మిషన్లు. అవి పెట్టుకున్నా దగ్గరి మాటలు కొంత అందేవి గానీ, పాటలో ఏది పైకి వెళ్ళిందో ఏది కిందికి దిగిందో తేలేది కాదు. కానీ నోరు ఆడించడంలో ఆ పిల్లను మించినవాళ్ళు లేరు. ముందు వరస పిల్లల పెదవులు చూసి నేర్చుకుందట. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ కనుబొమలు ఎత్తాలో అన్నీ సరిగ్గా చేసేది. నేను మొదటి రెండు రోజులూ ఆ పిల్లే అందరికంటే బాగా పాడుతోందనుకున్నాను. మూడో రోజు రిహార్సల్ మధ్యలో టక్కున నోరు మూసేసి కింద కూర్చుండిపోయింది. కడుపునొప్పేమో అని పక్కన కూర్చుని అడిగాను. ఆ పాపది తెలుగిల్లే. మాట ముద్దగా వచ్చేది, అయినా స్పష్టంగానే అడిగింది: "మిస్, నా పాట ఎప్పుడొస్తాది?"

రేపు చెప్తానని లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చి అన్నం కలుపుకుని కంచం ముందు కూర్చున్నాను. పెదవులు ఆడుతున్నాయి, గొంతు లేదు. ఆ ఏడాదంతా నా బతుకు కూడా అదే కదా అనిపించింది. అత్తగారు కంచం కేసి చూసి, "ఏమైంది?" అంది. చెప్పాను. అంతా విని, "అయితే రేపు ఆ బిడ్డకి ఏం చెప్తావు?" అంది. ఓదారుస్తుందనుకున్నాను, లెక్క అడిగింది. అది మంచిదే అయింది. రేపు ఏదో ఒకటి చెప్పాలి, ఎల్లుండి ఇంకొకటి చెప్పాలి, దారి దొరికేదాకా చెబుతూనే పోవాలి అని ఆ కంచం ముందే నిశ్చయించుకున్నాను.

మొదటి ప్రయత్నం ఘోరంగా చెడింది. వినపడని పిల్లకు పెద్ద శబ్దం కావాలనుకున్నాను. బడిలో ఉన్న డోలు తెప్పించి ఆ పాప పక్కనే వాయించాను. ఆ పిల్ల ఉలిక్కిపడి చెవుల మిషన్లు పీకేసి, ముఖం చేతుల్లో దాచుకుంది. అంత దగ్గర పెద్ద మోత ఆ మిషన్లలో గుండుసూదుల్లా గుచ్చుకుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఈలోగా మిగతా పిల్లలు మనకూ స్వాతంత్ర్యం వచ్చిందని బల్లలు బాదడం మొదలుపెట్టారు. పక్క గదిలో లెక్కల పాఠం ఆగిపోయింది. హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చారు. వెనకే సంగీతం మేడమ్. "ఇది సంగీతం క్లాసా, సంతా?" అంది. మా రాజమండ్రి అమ్మాయి ఆ సాయంత్రం బస్టాపులో దాదాపు ఏడ్చేసింది. "అక్కా, ప్లీజ్. ఫైనల్ లెసన్ వరకూ సేఫ్‌గా ఒక పాట నేర్పించేద్దాం. మార్క్స్ వచ్చాక మీ ఎక్స్‌పెరిమెంట్స్ చేసుకోండి. నేను జాబ్ వదిలేసి వచ్చాను, ఇంట్లో ఫెయిల్ అయ్యానని చెప్పలేను." ఆ పిల్ల బాధ నిజమే. "నీ పాఠం నువ్వు నీ ఇష్టప్రకారం చెప్పుకో. నాది నేను పడతాను" అన్నాను. బస్సు వచ్చింది. ఎక్కాక కిటికీలోంచి నన్నే చూస్తూ వెళ్ళింది.

మర్నాడు రెండో శనివారం సెలవు. మేడమీద నేలమీద కూర్చుని బియ్యం ఏరుతున్నాను. కింద ప్రెస్సు కొడుతోంది. చేటలో బియ్యపు గింజలు ప్రతి దెబ్బకూ కొద్దికొద్దిగా ఎగురుతున్నాయి. చేట కింద పెట్టేసి రెండు అరచేతులూ నేలకు ఆనించాను. చెవులు గట్టిగా మూసుకుని మళ్ళీ కూర్చున్నాను. దెబ్బ ఆగలేదు, వెన్నులో వినిపిస్తూనే ఉంది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో కాపురం చేస్తూ నేను ప్రెస్సును చెవులతో వింటున్నాననుకున్నాను! బడిలో ప్రార్థన హాలు గుర్తొచ్చింది. అక్కడ పాతకాలపు చెక్క వేదిక ఉంది. లోపల బోలు. పిల్లలు దానిమీద పరిగెత్తితే హాలంతా గుమ్మెటలా మోగేది, అందుకే దానిమీద పరిగెత్తకూడదని రూలు కూడా ఉండేది.

సోమవారం పిల్లలందరినీ చెప్పులు విప్పించి ఆ వేదికమీద కూర్చోబెట్టాను. అలిగి వెళ్ళిన రాజమండ్రి అమ్మాయి తనంతట తానే వచ్చి, నా ఉద్దేశం అడిగి తెలుసుకుని, కీబోర్డుకు తగిలించిన స్పీకరు పెట్టెను చెక్కల మీద బోర్లా పెట్టింది. "సౌండ్ కంటే వైబ్రేషన్ ఎక్కువ కావాలి కదా అక్కా? అయితే బేస్ పెంచాలి" అంది, ఏదో ఆఫీసు పని చెప్పినట్టు. కింది స్వరం ఒకటి నొక్కింది. ఆ పాప కాసేపు ఊరికే కూర్చుంది. తరవాత బోర్లా పడుకుని చెక్కకు చెంప ఆనించింది. స్వరం వచ్చినప్పుడల్లా వేలు ఎత్తింది, ఆగినప్పుడు దించింది. ఒక్కసారి కూడా తప్పలేదు. మిగతా పిల్లలు కూడా నేలకు చెంపలు ఆనించారు. ముందు వరస, వెనక వరస అన్నీ కలిసిపోయాయి. బోర్లా పడుకున్నవాళ్ళలో ఎవరు ముందో ఎవరు వెనకో ఎవరు చెప్పగలరు?

అక్కడి నుంచి పాట మెల్లగా కట్టుకున్నాం. ఎవరో రాసిన పాటను నేర్పడం మానేసి, మీ ఇంటి దగ్గర ఏమేం వినిపిస్తాయో తెమ్మన్నాను. తోపుడుబండి చక్రం కిర్రుమనడం, కుక్కరు కూత, కుట్టుమిషన్ పరుగు, పొద్దున్నే పాలవాడు నాలుగు భాషల్లో పిలవడం, అన్నీ వచ్చాయి. ఒక చెయ్యి పనిచేయని పిల్లవాడు ఒంటిచేత్తో వేసే దెబ్బ అందరికంటే నిలకడగా ఉందని మేమంతా అతణ్ణే అనుసరించాం. స్వరం నిలవని మరో పిల్ల కుక్కరు కూత కూసి అదరగొట్టింది. చెవుల మిషన్ల పాప అరచేత్తో చెక్కమీద ఒక నడక కట్టింది. మూడు దెబ్బలు, ఒక ఖాళీ, మళ్ళీ రెండు. ఆ ఖాళీ దగ్గర పిల్లలందరూ ఊపిరి బిగపట్టేవారు. అది ఎక్కడిదని అడిగితే, "అమ్మ మిషన్ కుట్టేటప్పుడు దారం తెగతాది మిస్" అంది. వాళ్ళమ్మ బ్లౌజులు కుడుతుంది.

పరీక్షకు నా చివరి పాఠంగా ఇదే చూపిస్తానని చెప్పేసరికి సంగీతం మేడమ్ ససేమిరా అంది. టీచర్ల గదిలో ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు పెంచకుండానే చెప్పింది: "చూడమ్మా, నువ్వు విద్య తెలిసినదానివి కాబట్టి చెబుతున్నాను. శ్రుతి లేనిది సంగీతం కాదు. ఆ పిల్లకు శ్రుతి వినపడదు. అది నీ తప్పూ కాదు, నా తప్పూ కాదు. పదిమంది ముందు ఆ పిల్ల అపశ్రుతిలో కూస్తే నవ్వేవాళ్ళను నువ్వు ఆపగలవా? నేను నోరు ఆడించమన్నది ఆ పిల్లను దాచడానికి కాదు, కాపాడడానికి." ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే కోపం రాలేదు, భయమేసింది. అయినా అన్నాను: "మేడమ్, నాకూ పై షడ్జం అందదు. ఆపరేషన్‌లో పోయింది. మీ బృందగానంలో నిలబెడితే నన్ను ఏ వరసలో పెడతారు?" ఆమె కిటికీకేసి తిరిగి, "చేసుకో. చెడితే మాత్రం నేను నీ పక్కన నిలబడను" అంది. "నిలబడొద్దు మేడమ్. చెప్పులు విప్పి మాతో కూర్చోండి" అన్నాను. అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు.

పాఠం రోజు కాలేజీ నుంచి పరీక్షకుడు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. హెడ్మాస్టరూ వచ్చారు. మేడమ్ హార్మోనియం ముందు పెట్టుకుని ఒక పక్కగా కూర్చుంది, చెప్పులతోనే. పిల్లలు వేదిక ఎక్కారు. రాజమండ్రి అమ్మాయి కింది స్వరం నొక్కింది. అది రెండుసార్లు మోగింది. అంతలో ఫ్యాను ఆగింది, స్పీకరు ఆగింది. కరెంటు పోయింది. ఆ పాప చెంప చెక్కకు ఆనించి వేలు ఎత్తడానికి సిద్ధంగా ఉంది. ఏమీ రావడం లేదు. తల ఎత్తి నాకేసి చూసింది. పరీక్షకుడు గడియారం చూసుకున్నారు.

ఏం చేయాలో ఆలోచించే వ్యవధి లేదు. పాపను లేపి కూర్చోబెట్టి, వెనక కూర్చుని, నా వీపు ఆ పిల్ల వీపుకు ఆనించి, మంద్రంలో పంచమం పట్టుకున్నాను. ఆపరేషన్ నాకు మిగిల్చింది ఆ కింది గొంతే. దానిమీద నాకెప్పుడూ గౌరవం ఉండేది కాదు, పాట దిగి సేదతీరే చోటు తప్ప పాట ఉండే చోటు కాదనుకునేదాన్ని. ఆ రోజు అది నా వెన్నెముకలోంచి ఆ పిల్ల వెన్నెముకలోకి వెళ్ళడం నాకు తెలిసింది. పాప బిగుసుకుంది, తరవాత వదులైంది. తరవాత నా వీపుకు ఇంకో అదురు తగిలింది. ఆ పిల్లే. నోరు మూసే ఉంచి లోపలి నుంచి స్వరం తీస్తోంది. నా పంచమం కాదు, దానికి కొంచెం పైన ఎక్కడో ఉంది, కానీ కదలకుండా నిలబడి ఉంది. నేను శ్రుతి పట్టుకుని ఆ పిల్లను పిలవాలా, నేనే వెళ్ళాలా? నేనే జరిగాను. నా జీవితంలో మొదటిసారి నా శ్రుతి వదిలేసి ఇంకొకరి శ్రుతిలోకి వెళ్ళాను. రెండు అదుర్లూ కలిసినప్పుడు పాప చిన్నగా నవ్వడం కూడా వీపుకే తెలిసింది.

పిల్లలు ఒకరి వీపుకు ఒకరు ఆనుకుని కూర్చుని అదే స్వరం అందుకున్నారు. అప్పుడు మేడమ్ హార్మోనియం తిత్తి కదిపింది. మాకు శ్రుతి ఇద్దామని ఒక మెట్టు నొక్కి చూసింది, చాలలేదు. పక్క మెట్టు నొక్కింది, ఎక్కువైంది. ఆ పాప స్వరం రెండు మెట్ల మధ్య ఉంది, హార్మోనియంలో లేదు. మేడమ్ అంత విద్వత్తుతోనూ కాసేపు అటూ ఇటూ వెతికి, చివరికి పెట్టె మూసేసింది. చెప్పులు విప్పి వచ్చి వేదిక అంచున కూర్చుని తాళం వేయడం మొదలుపెట్టింది. మూడు దెబ్బలు, ఖాళీ, రెండు. ఖాళీ దగ్గర ఆమె కూడా ఊపిరి బిగపట్టింది.

మార్కులు మామూలుగానే వచ్చాయి. "పాట నిర్ణీత సమయంలో పూర్తి కాలేదు" అన్నారు పరీక్షకుడు. నిజమే, పూర్తి కాలేదు. రాజమండ్రి అమ్మాయికి నాకంటే చాలా ఎక్కువ వచ్చాయి, దానికి ఆ పిల్ల నాకు క్షమాపణ చెప్పి మసాలా దోసె తినిపించింది. వార్షికోత్సవంలో మాత్రం మూడో వరస లేదు. మేడమే తీసేసింది. పిల్లలంతా అర్ధచంద్రాకారంలో కూర్చుంటే పాప మొదటి దెబ్బ వేసింది. జనానికి అది ఏం పాటో అర్థం కాలేదు. ముందు కుర్చీలో ఒక తండ్రి ఫోనులో గట్టిగా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎక్కడో ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. కానీ పిల్లలు ఆగలేదు. అయిపోయాక పాప వాళ్ళమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చీరకొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంట్లో మేము ఎప్పుడు జూసినా నోరు మూసుకోమంటా ఉంటాము మిస్, గట్టిగా అరస్తాదని. అది పాడతా ఉండాదని మాకేం తెలుసు?" అంది. ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

మరుసటి ఏడు మేడమ్ రిటైరైంది. ఆ ఖాళీలో నన్ను తీసుకోమని హెడ్మాస్టరుకు చెప్పింది ఆమేనని తరవాత తెలిసింది. వెళ్ళేటప్పుడు నాతో, "నువ్వు చేసేదంతా నేను ఒప్పుకున్నాననుకోకు" అని మాత్రం అంది. పాప ఇప్పుడు పెద్దదైంది. హొసకోటె దగ్గర ఒక ఫ్యాక్టరీలో డిజైన్ బొమ్మలు గీసే ఉద్యోగం. సంగీతం వైపు రాలేదు. రావాలని నేనూ కోరుకోలేదు, పాట ఉండాలి గానీ పాటే బతుకుతెరువు కానక్కర్లేదు కదా. అప్పుడప్పుడూ శనివారం బడికి వచ్చి పిల్లలతో వేదికమీద కూర్చుంటుంది.

కాఫీ అయిపోయింది. ఎదురుగా ఆ అమ్మాయి ఇంకా జవాబు కోసం చూస్తోంది. "పాడలేని పిల్లలు ఎవరో ముందు నాకు చూపించు. ఇద్దరం వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుందాం" అని లేచాను. బడిలో ఏడాది అంటే జూన్‌లో మొదలై ఏప్రిల్ ఎండలకు ముగిసిపోయేదని అందరికీ తెలుసు. నేనూ ఎన్నో ఏడాదులు అలాగే మొదలుపెట్టి ముగించాను. పాప తన పాట కోసం అడిగిన ఆ ఒక్క ఏడాదికే, నా లెక్కలో, వేసవి సెలవులు ఇంకా రాలేదు.